మావారి కంకణం, పిల్లి గోళ్ళు

పిల్లి మాది కాదు. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చాలాకాలం ఈ మాటే చెప్పాను. మా అమ్మాయి కొత్త ఉద్యోగానికి వెళ్ళిన ఊళ్ళో, తను తీసుకున్న అపార్ట్‌మెంట్‌లో పెట్స్ వద్దన్నారట. "కొంచెం రోజులే అమ్మా, ప్రామిస్" అంటూ దాన్ని చికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో మా ఇంట్లో దింపి వెళ్ళింది. ఆ కొంచెం రోజులు ఇంకా అవలేదు. నాకేమో ఇల్లు అద్దంలా ఉండాలి. పూజ గదిలో అడుగుపెడితే పిల్లి వెంట్రుక కనబడకూడదు. కనబడేది. నేను అరిచేదాన్ని. అది నా మొహంలోకి చూసి తీరిగ్గా ఆవులించేది. మావారు మా ఇద్దరిలో ఎవరి పక్షమూ వహించకుండా ఫోన్‌లో వార్తలు చదువుకునేవారు.

ఆ ఏడు చలికాలంలో ఆయన గుండెలో ఒక వాల్వ్ పాడైందని తేలింది. ఆపరేషన్ చేసి మెకానికల్ వాల్వ్ పెట్టారు. ఆయన క్షేమంగా ఇంటికొచ్చారు. ఆ డాక్టర్లకూ, ఆయన్ని మొదటిసారి లేపి నడిపించిన నర్సుకూ నేను ఇప్పటికీ దీపం పెట్టినప్పుడల్లా దండం పెట్టుకుంటాను. కానీ ఆ వాల్వ్ శబ్దం చేస్తుంది. టీవీ కట్టేసి ఉంటే చేతి గడియారంలా టిక్కుటిక్కుమని వినబడుతుంది. నా చెవులకు అది మంగళవాద్యం. ఆయనకు మాత్రం ప్రాణసంకటమైంది. "ఎప్పుడాగుతుందా అని వింటూ కూచున్నట్టుందే" అన్నారు ఒక మధ్యాహ్నం, కంచంలో అన్నం కెలుకుతూ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన భయపడ్డం నేను చూసింది అప్పుడే. ధైర్యం చెప్పాను, కసిరాను, అమ్మాయి చేత ఫోన్‌లో చెప్పించాను. ఏదీ పనిచేయలేదు.

గాయం మానాక, ఆయన రిక్లైనర్‌లో వాలి ఉండగా పిల్లి ఆ శబ్దాన్ని కనిపెట్టింది. చేతిమీదుగా మెల్లగా ఎక్కి, తల పక్కకు వంచి, చెవులు రిక్కించి ఆయన ఛాతీ వైపు చూసింది. లోపల ఏ పురుగో ఉందనుకుందేమో. చాలాసేపు కాపలా కాసి, ఏదీ బయటికి రాకపోయేసరికి విసుగేసి అక్కడే ముడుచుకుని పడుకుంది. ఆయనకు నవ్వొచ్చింది. ఆపరేషన్ తరువాత ఆయన అలా నవ్వడం అదే మొదలు. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. శబ్దం గురించిన బాధ ఆయన నోట మళ్ళీ వినలేదు. నావల్ల కాని పని ఆ వెంట్రుకల మూట చేసిందని నాకు సంతోషమూ వేసింది, కాస్త ఉడుకుమోత్తనమూ వచ్చింది.

ఇక్కడే ఉంది చిక్కు. ఆ వాల్వ్ పెట్టించుకున్నవాళ్ళు రక్తం పలచబడే మాత్ర జీవితాంతం వేసుకోవాలి. ఆకుకూరలు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ తింటే మందు లెక్క తప్పుతుందన్నారు. గోంగూర పచ్చడి కోసం పెళ్ళివిందుల్లో రెండోసారి విస్తరి వేయించుకున్న మనిషి, చెంచాతో కొలిచి తినడం నేర్చుకున్నారు. అన్నిటికంటే పెద్ద భయం, ఎక్కడైనా తెగితే రక్తం ఓ పట్టాన ఆగదు. ఇంట్లో కూరగాయలు కోసే హక్కు నేను ఆయన దగ్గర్నుంచి లాగేసుకున్నాను. గెడ్డం గీసుకోవడానికి ఎలక్ట్రిక్ షేవర్ కొన్నాను.

వేసవి రాగానే సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. స్వామికి అంతకు ముందే మొక్కుకున్నాను. పంతులుగారు ఆయన మణికట్టుకు పసుపు దారంతో కంకణం కట్టారు. చివర చిన్న పసుపుకొమ్ము వేలాడుతోంది. ఎవరైనా ఆ సాయంత్రమో మర్నాడో విప్పేస్తారు. మావారు విప్పనన్నారు. "స్వామి కట్టించిన రక్ష. దానంతటదే ఊడాలి. కత్తెర పెట్టకూడదు" అన్నారు. రసాయనాల కంపెనీలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి! నాకూ లోపల్లోపల అదే నమ్మకం, అందుకని నేనూ నోరెత్తలేదు. ఆ దారం ఆయన చేతికి వారాల తరబడి ఉంది.

ఒక ఉదయం వంటింట్లో ఉండగా "ఇదిగో, ఒకసారి రా" అని పిలిచారు, మామూలు గొంతుతోనే. వెళ్ళి చూస్తే మణికట్టు మీంచి మోచేతిదాకా రక్తం కారుతోంది. పిల్లి సోఫా కిందికి దూరింది. తువ్వాలు పెట్టి నొక్కాను, ఇంకోటి పెట్టాను. ఆగకపోయేసరికి తీసుకెళ్తే, అర్జెంట్ కేర్ క్లినిక్‌లో కట్టు కట్టి, గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టారు. ఆగింది. కానీ నా గుండెదడ ఆగలేదు. కారులో ఇంటికొస్తూనే నిర్ణయించుకున్నాను, దీని గోళ్ళు తీయించేయాలని. నాకు తెలిసిన ఒకావిడ తన పిల్లికి తీయించింది. "చిన్న ప్రొసీజరే వదినా, పొద్దున ఇచ్చి మర్నాడు తెచ్చుకోవడమే" అని ధైర్యం చెప్పింది. అమ్మాయికి ఫోన్ చేస్తే గోల పెట్టింది. "అమ్మా, నో! దాని ఫింగర్స్ కట్ చేస్తారు అమ్మా, నెయిల్స్ కాదు! నువ్ అలా చెయ్యకు, ప్లీజ్." "నీకు మీ నాన్న ఎక్కువా, పిల్లి ఎక్కువా?" అన్నాను.  ఫోన్ పెట్టేసింది.

పశువైద్యురాలు చిన్న వయసమ్మాయి. మావారూ నేనూ వెళ్ళాం, పిల్లిని పెట్టెలో పెట్టుకుని. ఆమె కాదనలేదు, కోప్పడలేదు. "మీ చెయ్యి ఇలా ఇస్తారా?" అని నా చూపుడువేలు పట్టుకుని, గోరు పైన ఉండే చివరి కణుపు దగ్గర తన వేలితో ఒక గీత గీసింది. పిల్లి గోరు ఎముకలోంచే పెరుగుతుందనీ, గోరు రాకుండా చేయాలంటే ఆ ఎముకను అక్కడిదాకా తీసేయాలనీ, ముందుకాళ్ళ వేళ్ళన్నిటికీ అలాగే చేయాలనీ చెప్పింది. కొన్ని పిల్లులు తరువాత నడవడానికి ఇబ్బంది పడతాయట. గోళ్ళు లేక కొరకడం మొదలుపెట్టేవీ ఉంటాయట. "ఆయన రక్తం ఆగదమ్మా" అన్నాను. ఇంగ్లీషులో మొదలుపెట్టిన మాట తెలుగులోకి ఎప్పుడు జారిందో నాకే తెలియదు. ఆమె నా మొహం చూసి అర్థం చేసుకున్నట్టే తలూపింది. "అసలెలా గీరిందో చూపిస్తారా?" అని ఆయన్ని అడిగింది.

ఆయన చూపించడానికి చెయ్యెత్తారు. కట్టుకు పైన, వదులుగా, పసుపుకొమ్ము ఊగింది. టేబుల్ మీదున్న పిల్లి కళ్ళు రెండూ దానితోపాటు ఇటూ అటూ ఊగాయి. వెనక్కి కూర్చుని, నడుము ఊపి, దూకడానికి సిద్ధమైంది. డాక్టరమ్మ చటుక్కున దాన్ని పట్టుకుంది. ఆ రోజు కూడా అది దూకింది ఆ పసుపుకొమ్ము మీదికే.

మావారికి నవ్వాగలేదు. "ఏమే, దారానికి కత్తెర పెడితే పాపమని ఊరుకుని, వేళ్ళకు పెట్టిద్దామని వచ్చామా?" అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. "దారం తీసేస్తే సరిపోతుందా? రేపు ఇంకోదాని మీదికి దూకదా? మీకేమైనా అయితే నేనేమైపోవాలి?" అని, పిల్లినీ ఆయన్నీ అక్కడే వదిలేసి కారులోకి వచ్చి కూర్చున్నాను.

కాసేపటికి ఆయన పెట్టె పట్టుకుని వచ్చారు. బరువు మోయకూడదని గుర్తొచ్చి కోపంలోనే దిగి అందుకున్నాను. పక్కన కూర్చున్నాక మెల్లగా అన్నారు. "నా ఛాతీ కోసేముందు నన్నడిగారే. అన్నీ విడమరిచి చెప్పారు. భయమేసింది, అయినా సరేనన్నాను. నా బతుకు కోసం నేను ఒప్పుకున్నాను. దాన్నెవరడుగుతారు? నా బతుకు కోసం అదెందుకు కోయించుకోవాలి?" ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నేను స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చేశాను. పెట్టెలోంచి అది కూడా ఏదో అంది. ఆ రోజు ఆయన నా మాట విననందుకు నేను ఎంత కృతజ్ఞురాలినో ఆయనకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

ఇంటికి రాగానే ఆయన పంతులుగారికి ఫోన్ చేశారు. "అయ్యో, అదింకా ఉందా బాబూ? ఎప్పుడో తీసేయాల్సింది. తులసి మొదట్లో వేసేయండి" అన్నారాయన. అలాగే చేశాం. డాక్టరమ్మ చెప్పినట్టు సోఫా పక్కన గీరుకోవడానికి తాడు చుట్టిన స్తంభం పెట్టాం. మావారు పొడుగు చేతుల చొక్కాలకు మారారు, ఆడించేటప్పుడు చేతికి బదులు ఈకలు కట్టిన పొడుగాటి పుల్ల వాడుతున్నారు. ఇక గోళ్ళు కత్తిరించే పని. ఆయన్ని నేను ఆ దరిదాపులకు రానివ్వను కాబట్టి అది నా నెత్తిన పడింది. క్లినిక్‌లో నేర్పారు: ఒడిలో కూర్చోబెట్టుకుని, వేలి కింద మెత్తని చోట చిన్నగా నొక్కితే గోరు బయటికొస్తుంది. చివర తెల్లటిది కత్తిరించాలి. లోపల గులాబీరంగులో కనబడేది ప్రాణమున్న భాగం, దాని జోలికి పోకూడదు. మొదట్లో కత్తిరించిన గోళ్ళకంటే నేను తిట్టిన తిట్లే ఎక్కువ. ఒడిలో ఉన్నంతసేపు నా వేళ్ళ మధ్య దాని వేళ్ళు కదులుతుండేవి, పసిపిల్లల వేళ్ళలా. అన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉండి, దాన్ని నేను సరిగా తాకింది అప్పుడే.

మొన్న ఒక ఆదివారం కళ్ళజోడు జారింది. లోతుగా కత్తిరించేశాను. పిల్లి కీచుమంది. గోరు చివర రక్తపు బొట్టు. రెండో పంజా ఎగిరి నా మణికట్టు మీద పడింది, గోళ్ళన్నీ బయటపెట్టి. ఆ మొనలు చర్మానికి తగలడం తెలుస్తోంది. లాక్కుంటే చీరుకుపోతుంది. ఊపిరి బిగబట్టి అలాగే ఉండిపోయాను. అది నా కళ్ళలోకి చూసింది. తరువాత గోళ్ళు మెల్లగా లోపలికి పోయాయి. నా చేతిమీద మెత్తని పాదం మాత్రం మిగిలింది. దాన్ని తీసేయలేదు, అలాగే ఉంచింది. నేను అందుబాటులో ఉన్న బియ్యప్పిండి డబ్బాలోంచి చిటికెడు తీసి ఆ బొట్టు మీద అద్ది పట్టుకున్నాను. కాసేపటికి రక్తం ఆగింది.

"ఏమైంది? గీరిందా?" పక్క గదిలోంచి మావారు కంగారుగా వచ్చారు.

"లేదండీ" అన్నాను.  "గీరగలిగి ఉండి కూడా గీరలేదు."