అండమాన్ మాట ముందు ఎవరు ఎత్తారు

మా పాపకి నాలుగేళ్లు నిండిన శీతాకాలం అది. నరసరావుపేటలో చలేముంటుందని బయటివాళ్లు అంటుంటారు. పొద్దుటిపూట మంచులో లారీల దుమ్ము కదలకుండా నిలబడిపోతుంది. అదేం చేస్తుందో పిల్లికూతలొచ్చే పిల్లలున్న ఇంట్లో అడగాలి. కార్తీకం వెళ్లిన దగ్గర్నుంచి మా పాపకి రోజూ నెబులైజర్ పెట్టాల్సి వచ్చేది. పిల్లల డాక్టరు మందులు రాసి, కుదిరితే నాలుగు రోజులు వెచ్చగా, దుమ్ము లేని చోటికి తీసుకెళ్లమన్నాడు. ఆయన మాటవరసకి అన్నాడని నేను వదిలేశాను. మా ఆయన మాత్రం ఆ మాట పట్టుకున్నాడు.

ఆయనది ట్రాక్టర్ స్పేర్ పార్టుల కొట్టు. పెళ్లయ్యాక మేం పోయిన దూరం తిరుపతి. అక్కడ కూడా క్యూలో నిలబడి బేరింగుల గురించి ఫోన్లో మాట్లాడాడు. ఇంత దగ్గర్లో ఉన్న సూర్యలంక సముద్రానికి తీసుకెళ్లమంటే ఏడేళ్లుగా తీరిక దొరకలేదు. అలాంటి మనిషి ఆస్పత్రి మెట్లు దిగుతూనే, ఏదన్నా దీవికి పోదాం అన్నాడు.

నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. ఎప్పుడూ తప్పులు చేసే పిల్లాడు ఒక్కసారిగా కరెక్టు జవాబు రాస్తే, ముందు వాడి పక్కన ఎవరు కూర్చున్నారో చూస్తాను. ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు.

అయినా పాప కోసమే కదా అని వెతకడం మొదలుపెట్టాను. మాల్దీవుల ఫొటోల్లో నీళ్ల మీద చెక్క ఇళ్లు కనపడ్డాయి. ఫొటో పెద్దది చేసి చూస్తే ఒక్క వరండాకీ పిట్టగోడ లేదు. గుంటూరులో ఒక ట్రావెల్స్ అతనికి ఫోన్ చేసి, దగ్గర్లో ఆక్సిజన్ ఉన్న ఆస్పత్రి ఉందా అని అడిగాను. రూములోంచి సూర్యోదయం చానా బాగుంటుంది మేడమ్ అన్నాడు. ఇంకోసారి అడిగాను. టిఫిన్ ఫ్రీ అన్నాడు. ఆ నంబరు బ్లాక్ చేశాను.

తర్వాత శ్రీలంక అన్నాను. మా ఆయన పాస్‌పోర్టులు లేవుగా అన్నాడు. లక్షద్వీప్ అంటే పర్మిట్ల గోల అన్నాడు. నేనేది చెప్పినా దానికో వంక ముందే రెడీగా ఉండేది. అన్నీ అయిపోయాక, తువ్వాలు దులుపుకుంటూ, "పోనీ అండమాన్ అయితే? మనవాళ్లు చానామంది ఉంటారంట అక్కడ" అన్నాడు. అప్పుడే తట్టినట్టుగా అన్నాడు గానీ, ఆ మాట చాలా రోజుల్నించి నోట్లో పెట్టుకు తిరుగుతున్నవాడిలా ఉన్నాడు.

దీన్ని అత్తయ్య ఆపుతుందనుకున్నాను. గురువారం పాపకి తలంటినా, దీపాలు పెట్టాక వీధిలోకి తీసుకెళ్లినా ఊరుకోని మనిషి. పసిదాన్ని విమానమెక్కించి సముద్రం మధ్యకి తీసుకెళ్తామంటే ఎంత గొడవవుతుందోనని కాచుక్కూర్చున్నాను. ఆమె కందికాయలు ఒలుచుకుంటూ, సముద్రపు గాలి మంచిదేలే అంది. అంతే. ఆ వారంలోనే పండుమిరపకాయ పచ్చడి నూరి రెండు పెద్ద సీసాలకెత్తి, ప్రయాణంలోకి అంది. మా పాప కారం తినదు. మా ఆయనకి కడుపులో మంట. నేనొక్కదాన్ని నాలుగు రోజుల్లో ఎంత తింటానని?

ఈలోపు మా ఆయన ఫోన్ తీసుకుని మేడెక్కడం మొదలుపెట్టాడు. కింద సిగ్నల్ రావట్లేదనేవాడు. ఆ కిందే కూర్చుని నేను వీడియోలు చూస్తుండేదాన్ని.

ఒక సాయంత్రం పాపకి జడ వేస్తున్నాను. "అమ్మా, దీవిలో అత్త దగ్గర కుందేళ్లున్నాయంట" అంది.

ఏ అత్త అన్నాను.

"నాన్న ఫోన్లో ఉంటదే, ఆ అత్త."

చేతిలో జడ పాయలు అలాగే ఉండిపోయాయి. ఆ కాసేపు నా మనసు పోకూడని చోట్లకన్నీ పోయొచ్చింది. అంతలో అదే మళ్లీ, నానమ్మ కూడా ఆ అత్తతో మాట్లాడి ఏడ్చింది అని చెప్పింది. అప్పుడు అర్థమైంది.

మా ఆయనకి ఒక అక్క ఉంది. మాకు పెళ్లి కాకముందే, పేటలో లారీ ఇంజన్లు బాగుచేసే ఒక సాయిబుల కుర్రాణ్ని చేసుకుని వెళ్లిపోయింది. మా పెళ్లి చూపులప్పుడు ఈ సంగతి ఎవరో గుసగుసగా మా అమ్మ చెవిన వేశారు. అంతకుమించి నాకేమీ తెలియదు. ఇంట్లో ఆమె ఫొటో లేదు. మామయ్య బతికున్నన్నాళ్లూ ఆమె పేరు ఎత్తడానికి వీల్లేదు. మామయ్య పోయి, ఏడాది వెళ్లి, సంవత్సరీకం కూడా జరిగింది.

మా ఆయన కొట్టునుంచి రాగానే అడిగాను. దాచలేదు. వదిన పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటోందని, ఆమె భర్త, నాకు వరసకి అన్నయ్యగారు, అక్కడ పడవ ఇంజన్ల పని చేస్తారని, రెండు నెలల్నించి మాట్లాడుతున్నానని చెప్పాడు.

"పాప దగ్గుని అడ్డం పెట్టుకున్నావా?" అన్నాను.

"దగ్గు నిజమేగా. రెండూ కలిసొచ్చినయ్ అనుకున్నా. చెప్తే నువ్వు వద్దంటావేమోనని..."

"నేను వద్దంటానని నీకెవరు చెప్పారు?"

నాకు కోపం వచ్చింది వదిన గురించి కాదు. ఇంట్లో నాలుగేళ్ల పిల్లకి తెలిసింది నాకు తెలియకపోవడం గురించి. రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడాను. అత్తయ్య నా వెనకే తిరిగింది. మూడో రోజు నేనే డాక్టరుకి ఫోన్ చేసి, అక్కడి గాలి పాపకి పడుతుందా అని అడిగాను. వెచ్చదనం మంచిదే, తేమ ఎలా పడుతుందో చెప్పలేం, నెబులైజర్ మాత్రం మర్చిపోవద్దు అన్నాడు. నేను విన్నవాటిలో నమ్మబుద్ధేసిన మాట అదొక్కటే. టికెట్లు చేయమన్నాను.

చెన్నై దాకా రైలు, అక్కణ్నించి విమానం. దిగగానే స్వెట్టర్లు విప్పేశాం. అక్కడ సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోతుంది. బజార్లో కూరగాయలమ్మే ఆవిడ తెలుగులో బేరమాడుతుంటే పాప ఆశ్చర్యపోయి చూసింది.

మర్నాడు వదిన మా హోటలుకొచ్చింది. ఇంటికి రమ్మనకుండా తనే రావడం నాకు వింతగా అనిపించింది. మా ఆయన పోలికే. అదే ముక్కు, అలాగే కుర్చీ అంచున కూర్చోవడం. తమ్ముణ్ని చూసి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి అడిగింది.

"ఒరేయ్, నిజం చెప్పు. సంతకం కోసమేనా వచ్చింది?"

మా ఆయన మొహం పాలిపోయింది. మామయ్య పోయినా పొలం ఇంకా మామయ్య పేరు మీదే ఉంది. కూతురు సంతకం లేకుండా మారదు. అలాంటి పని మీద కాదక్కా, నిన్ను చూడ్డానికే వచ్చామని మా ఆయన చెప్పాడు. ఆమె సరేలే అంది. పచ్చడి సీసాలిస్తే వాసన చూసి సంచిలో పెట్టుకుంది. పాప బుగ్గ పుణికి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక ఆ మాట నన్ను పట్టుకుంది. నా దగ్గర రెండు నెలలు దాచినవాడు ఇంకోటి దాచలేడా? ఆయన పాపని సముద్రం దగ్గరికి తీసుకెళ్లినప్పుడు బ్యాగు తెరిచాను. బట్టలు తీసి దులిపాను. షేవింగ్ డబ్బా కూడా తెరిచి చూశాను. కాగితం ముక్క లేదు. నాకు సిగ్గేసింది, నిశ్చింతగానూ అనిపించింది.

తర్వాత రోజు వాన పట్టింది. మధ్యాహ్నానికల్లా పాపకి పిల్లికూతలు మొదలయ్యాయి. నెబులైజర్ పెట్టేసరికి హోటల్లో కరెంటు పోయింది. జనరేటర్ వస్తుంది, వస్తుంది అంటారు గానీ రాదు. మా ఆయన ఫోన్ చేశాడో లేదో, అన్నయ్యగారు జీపేసుకుని వచ్చి మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లారు. వదిన గుమ్మంలోనే పాపని నా చేతుల్లోంచి తీసుకుంది. ఇన్వర్టర్ మీద మిషన్ పెట్టి, ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, మాస్కు పట్టుకుని, కుందేళ్ల కథ ఏదో చెప్తూ ఉంది. పాప ఊపిరి నెమ్మదించింది. వదిన మాత్రం ఇంకా మాస్కు వదల్లేదు. తనకి పిల్లల్లేరని నాకప్పుడే తెలిసింది.

మిగతా రోజులు అక్కడే ఉన్నాం. సముద్రం పెద్దగా చూడలేదు. పాప కుందేళ్ల గూటి దగ్గర్నుంచి కదల్లేదు. అన్నయ్యగారు మితంగా మాట్లాడే మనిషి. ఎండొచ్చినప్పుడల్లా పాపకి గూటి పక్కన చాప పరిచేవారు.

బయల్దేరేరోజు ఎయిర్‌పోర్టు బయట మా ఆయన సామాను దించుతుంటే, వదిన నన్ను పక్కకి పిలిచింది. "నిజంగానే కాగితాలేం తేలేదా వాడు?" అంది.

"తేలేదు వదినా. బ్యాగంతా నేనే వెతికా."

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, కొంగు అడ్డం పెట్టుకున్నా ఆపుకోలేకపోయింది. నాకూ నవ్వొచ్చింది. ఏమైందంటూ మా ఆయన వచ్చాడు. ఇద్దరం చెప్పలేదు.

పాపకి ఆ చలికాలం కొంచెం తెరిపిచ్చింది, పూర్తిగా తగ్గలేదు. వదిన ఇప్పుడు ఆదివారాలు ఫోన్ చేస్తుంది, తమ్ముడికి కాదు, నాకు. కాసేపయ్యాక అత్తయ్య చెయ్యి చాపుతుంది. ఫోన్ ఇస్తే వంటింట్లోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంటుంది.