సింగపూర్ నంబర్ నుంచి వచ్చిన వరద కబురు

భద్రాచలం దాటి గోదావరి పక్క ఊళ్లకు వెళ్లేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను గానీ, నేను వెళ్లింది షికారుకు కాదు. వరద వచ్చే ముందు ఊళ్లకు ఫోన్ చేసి తెలుగులో హెచ్చరిక వినిపించే కంపెనీ మాది. ఆరుగురితో మొదలైంది, ఇప్పుడు సింగపూర్‌లోనూ ఆఫీసు ఉంది. ఫోన్లన్నీ అక్కడి లైన్ మీదికి మార్చింది నేనే. ఆ పని మెచ్చే, అక్కడి టీమ్‌కు లీడ్‌గా పంపిస్తామన్నారు. ఎనిమిదేళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన అవకాశం. వెళ్లేలోపు, హెచ్చరిక అందుకున్న ఊరి మనిషితో నాలుగు మంచి మాటలు చెప్పించి వీడియో తీసుకురమ్మన్నారు.

ఖమ్మంలో పొద్దున ఆరింటికి ఆర్టీసీ బస్సెక్కాను. కొత్తగూడెం మీదుగా భద్రాచలానికి మూడు గంటలకు పైనే పట్టింది. పాల్వంచ దాటాక అడవి బాగుంటుందంటారు. ముసురుకు అద్దాలన్నీ మూసేశారు, నేనేమో దారంతా సింగపూర్‌లో ఇళ్ల అద్దెలు చూసుకుంటూ కూర్చున్నాను. బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, దుమ్ముగూడెం వైపు ఆటో మాట్లాడాను. రానుపోను కిరాయి ఎనిమిది వందలు.

"అందరు పర్ణశాల పోతరు మేడం. గా ఊర్ల ఏముంది?" అన్నాడు ఆటో సోమయ్య.

"వరద ఫోన్ అందిన ముత్తమ్మ గారిని కలవాలి."

"ముత్తమ్మనా? జెర మెల్లగ అడగుండ్రి," అని బండి స్టార్ట్ చేశాడు.

ముత్తమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన దొడ్డి ఖాళీ. మా జాబితాలో ఆమె నంబర్ పక్కన 'కాల్ అందింది' అని ఉంది. మోగితే చాలు, అందినట్టే రాసుకునే పద్ధతి మాది.

"అవ్ బిడ్డా, మోగింది. ముంగట ప్లస్, ఏదో బయటి దేశం నంబర్. గసుంటియి ఎత్తితే బ్యాంకుల పైసలు పోతయని ఊర్ల మీటింగ్ పెట్టి చెప్పిన్రు. కట్ చేసిన. మళ్ల మోగింది, మళ్ల కట్ చేసిన. పోయినేడు మన దిక్కు నంబరే వచ్చేది, ఎత్తేదాన్ని."

ఆ తర్వాత గోదావరి వాగులోకి ఎగదన్ని, నీళ్లు దొడ్డిలోకి వచ్చాయి. మేకలు పదకొండూ కట్టేసి ఉన్నాయి. తాళ్లు విప్పబోతుంటే కోడలు ఈమెను బలవంతాన గట్టుకు లాక్కొచ్చిందట.

"ఆ ఫోన్ చేయించింది నేనేనమ్మా," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "గంత దూరం నుంచి ఎందుకు చేసిన్రు? ఈడ లేవా ఫోన్లు?"

కెమెరా బయటికి తీయలేదు.

మధ్యాహ్నం మూడింటి బస్సు కోసం కూర్చుని, జరిగిందంతా మెయిల్ రాశాను. నంబర్లు వెంటనే వెనక్కి మార్చాలని, 'అందింది' అన్నవన్నీ మళ్లీ చూడాలని రాశాను. మేనేజర్ వెంటనే ఫోన్ చేశాడు. "ముందు సింగపూర్ వెళ్లు, తర్వాత చూద్దాం. ఇప్పుడు చెబితే నీ మీదకే వస్తుంది." రానివ్వమన్నాను.

ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది. బాధ లేదని చెప్పను, రెండు రోజులు ఏడ్చాను. ఇన్నేళ్లూ కంపెనీ పెరగడమూ నేను పెరగడమూ ఒకటే అనుకున్నాను, ఫోన్ ఎత్తే మనిషి గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. మీరు వానాకాలంలో అటు వెళ్తే, వాగుల సంగతి ఆటోవాళ్లను ముందే కనుక్కుని, వెలుతురుండగానే భద్రాచలం చేరేలా చూసుకోండి. నంబర్లు మార్చాక, పోయిన వారం ముత్తమ్మకు మన నంబర్ నుంచే చేసి చూశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"మంచిగ వినొస్తుంది బిడ్డా," అంది. "ఇప్పుడు విప్పనీకి మేకలే లేవు."