చింతపండుతో తోమిన బాకా

కువైట్‌లో రుమైథియాలోని ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. ఇక్కడ యజమానురాలిని మామా అని పిలుస్తాం. మా మామా ట్రాంబోన్ వాయిస్తుంది, పిల్లలకు నేర్పుతుంది. గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఊదే పొడవాటి ఇత్తడి బాకా అది.

ఒకరోజు సాయంత్రం పెద్ద కచేరీ ఉంది. మధ్యాహ్నం మామా నిద్రపోతుంటే, విప్పి పెట్టిన బాకా బల్ల మీద కనిపించింది. లోపలి గొట్టానికి తెల్లటి జిడ్డు పట్టి ఉంది. కచేరీలో మెరిసిపోవాలని, కడపలో మా ఇంటి బిందెలు తోమినట్టే చింతపండుతో తోమి కడిగాను.

మామా లేచి, గొట్టాలు అమర్చి లాగింది. కిర్రుమని ఆగిపోయింది. మళ్ళీ లాగింది. కదల్లేదు. ఆమె ముఖం పాలిపోయింది.

డ్రైవర్ రమణది రాయచోటి. నా పక్కకు వచ్చి, “అది జిడ్డు గాదక్కా, గొట్టం జారేదానికి మామా పూసే క్రీము. ఎంత పని చేస్తివి,” అన్నాడు.

ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, రద్దు చేయించి ఇంటికి పంపేస్తుందనుకున్నాను.

“మురికనుకుంటి మామా,” అన్నాను నాకొచ్చిన అరబీలో.

ఆమె గొట్టం తుడిచి, క్రీము రాసి, నీళ్ళు చల్లి, అరగంట సేపు జరుపుతూనే ఉంది. తర్వాత నావైపు చూసి, “యల్లా, పద, నువ్వూ రా,” అంది.

కచేరీ హాల్లో అందరూ సంగీతం విన్నారు. నేను మాత్రం ఊపిరి బిగబట్టి ఆమె కుడిచేతినే చూస్తూ కూర్చున్నాను. అది ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇప్పుడు ప్రతి కచేరీకీ ముందు ఆ ‘మురికి’ పూసేది నేనే.