అట్ట వెనక పాచిక

అలెగ్జాండ్రియాలో కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మెద్‌హత్‌కి శుక్రవారం నమాజు అయ్యాక ఇంకో కొలువుంది. వెనకగదిలో బల్ల చుట్టూ మందుల షాపు బిషోయ్, అతని భార్య మారీ, బడిపంతులమ్మ ఇంజీ చేరతారు. ఒక్కొక్కరి చేతిలో ఒక కాగితం, అందులో ఒక కల్పిత వీరుడు. మెద్‌హత్ కథ నడుపుతాడు, తమ వీరుడు ఏం చేస్తాడో వాళ్ళు చెబుతారు, చావుబతుకులు ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. రాక్షసుల తరఫున పాచిక వేసేది మెద్‌హతే, అదీ అట్ట అడ్డం పెట్టుకుని. ఈ ఆట నడిపేవాళ్ళలో చాలామందికి ఉన్న అలవాటే అది.

ఆ అట్ట వెనక అతను చేస్తున్నది పాపమనాలో పుణ్యమనాలో! మూడేళ్ళ కిందట విడాకులయ్యాక ఇంజీ మనిషి సగమై ఆ బల్ల దగ్గరికొచ్చింది. ఆమె వీరురాలు రైహాన చచ్చే అంకె పడ్డప్పుడల్లా మెద్‌హత్ చిన్న అంకె చెప్పేవాడు. ఈ పిల్లకి ఇంకో దెబ్బెందుకులే అనుకునేవాడు.

ఈమధ్య ఏఐని సాయం పెట్టుకున్నాడు. కథలోని ఊళ్ళ పేర్లు, పాత పగలు అన్నీ అదే గుర్తుపెట్టుకునేది. పడిన అంకె, తను చెప్పిన అంకె, రెండూ దానికి పూసగుచ్చినట్టు చెప్పేవాడు. గురువారం అది జరిగిన కథ రాసిస్తే, అసలు అంకెలు కొట్టేసి ముగ్గురికీ పంపేవాడు. ఆ గురువారం కొట్టునిండా జనం. చదవకుండానే పంపేశాడు, ఖర్మ!

"రాక్షసుడికి పడింది పంతొమ్మిది. నాలుగని చెప్పారు. రైహాన ఇలా బతకడం తొమ్మిదోసారి" అని ఉంది అందులో.

మర్నాడు బిషోయ్ గుమ్మంలోనే అందుకున్నాడు. "ఏం ఉస్తాద్, పంతొమ్మిది నాలుగులా కనిపిస్తోందా? ముందు మీ కళ్ళకి పరీక్ష చేయించండి!"

మారీ కిసుక్కుమంది. ఇంజీ నవ్వలేదు.

"ఆ పాడు యంత్రం..." మెద్‌హత్ నసిగాడు.

"దాన్నెందుకు అంటారు?" అంది ఇంజీ. "ఉన్నదే చెప్పింది. నేనే గెలిచానని మా అమ్మకి కూడా గొప్పలు చెప్పుకున్నాను ఉస్తాద్. అంతా మీ జాలేనా? ఆ అట్ట తీసెయ్యండి. లేకపోతే నేనిక రాను."

తీసేశాడు. వంతెన మీద పోరు మొదలైంది. అందరి కళ్ళముందూ, రైహాన మీదికొచ్చిన రాక్షసుడి పాచిక దొర్లి ఆగింది. ఇరవై.

ఏదో ఒక చిన్న అంకె మెద్‌హత్ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అంకె అందరూ చూస్తున్నారు.

"రైహాన... చనిపోయిందమ్మా" అన్నాడు.

చనిపోయే వీరుడు ఆఖరి మాటలు చెప్పుకోవాలని ఆ బల్ల దగ్గర కట్టుబాటు. ఇంజీ లేచి నిలబడింది. మూడేళ్ళుగా ఆటలో రెండు ముక్కలకి మించి మాట్లాడని మనిషి, పావుగంట మాట్లాడింది. ఎవరు తన ప్రాణం కాపాడారో, ఎవరి మీద కోపమో, తన కత్తి ఎవరికో, పేరుపేరునా చెప్పింది. ఒక్కచోట కూడా గొంతు తడబడలేదు. టీ చల్లారిపోయింది, ఎవరూ ముట్టుకోలేదు.

ఇంత గట్టి మనిషినా తను ఇన్నాళ్ళూ గాజుబొమ్మలా చూసింది? మెద్‌హత్‌కి సిగ్గేసింది. తడిసిన కళ్ళజోడు తీసి ముఖం దాచుకున్నాడు.

"అయ్యో, చచ్చింది నేనైతే మీరేడుస్తారేంటి ఉస్తాద్?" ఇంజీ కూర్చుంటూ చెయ్యి చాపింది. "కొత్త కాగితం ఇలా ఇవ్వండి."