నిద్రలో పట్టిన దమ్ము

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి చదవండని ముందే మనవి. బోధన్ దగ్గర చెరకు రైతును, మా ఊరి పెద్దల కబడ్డీ జట్టులో ఆటగాణ్ని. నేను గురక పెడితే మైళ్ల అవతలి రెంజల్‌లో కుక్కలు మొరుగుతాయి.

పోటీ రోజు మధ్యాహ్నం జట్టంతా పిలవడానికి వచ్చేసరికి మంచం మీద నిద్రపోతున్నాను. ఉన్నట్టుండి గురకతో పాటు ఊపిరీ ఆగిందట.

"సూడుండ్రి, అన్న నిద్రల గూడ దమ్ము వడుతుండు. గియ్యాల మొదటి కూత అన్నదే," అన్నాడు కెప్టెన్ నర్సింగు.

"గది దమ్ము గాదు తమ్మీ. రోజు గిట్లనే ఊపిరాగుతది, నేనే లేపుతున్న," అంటూ నా భార్య సుజాత నన్ను కుదిపి లేపింది. సంగతి విని అందరితోపాటు నేనూ పగలబడి నవ్వాను.

సాయంత్రం కూతకు వెళ్లాను. నాలుగుసార్లు 'కబడ్డీ' అనేసరికి గాలి చాలక, కళ్లు చీకట్లు కమ్మి అవతలి జట్టు మధ్యలోనే కూలబడ్డాను. నన్ను పట్టుకోవాల్సిన ఏడుగురూ తువాళ్లతో విసరసాగారు.

నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందని, అందుకే ఒంటికి విశ్రాంతి లేదని నిజామాబాద్‌లో డాక్టరు చెప్పాడు. రాత్రిళ్లు మాస్కులోంచి గాలి పంపే మిషన్ ఇచ్చాడు. కొన్ని నెలలకు మళ్లీ కూతకు వెళ్లి ఏడుగురినీ తాకి వచ్చాను.

ఏడుగురన్నది కల్పన, తాకింది ఒక్కణ్నే. ఆ మధ్యాహ్నం నవ్వానన్నదీ కల్పనే. నేను లేచాక కూడా సుజాత నా భుజం వదలకపోతే నాకు నవ్వు రాలేదు. మొదటి కూత పోతుందని, ఏమీ అడగకుండా చెప్పులేసుకున్నాను.