జామచెట్టుకు వేలాడిన హామీ

బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఫ్లాటును మా అమ్మాయి రోజువారీ అద్దెకిస్తోంది. ఇలాంటి ఇళ్ళకు బీమా, సామాను పాడైతే పరిహారానికి హామీ తప్పనిసరి చేస్తూ నిబంధనలు వస్తాయట. మొన్న ఆ కబురు చెప్పి, మీ రోజుల్లో ఇవేవీ లేకుండా ఎలా నడిచిందమ్మా అని అడిగింది. నడిచింది, బ్రహ్మాండంగా నడిచింది.

నేను హైస్కూల్లో ఉండగా కృష్ణా పుష్కరాలొస్తే, ఘాట్‌కు దగ్గరని మా వీధివాళ్ళంతా గదులు యాత్రికులకు అద్దెకిచ్చి తాము వంటింట్లో సర్దుకున్నారు. యాత్రికులు దిగగానే ఒక బిందెనో చెంబునో ఇంటావిడకు అప్పగించాలి, వెళ్ళేటప్పుడు ఏదీ విరగలేదని గది చూపించి తీసుకెళ్ళాలి, అదీ పద్ధతి. దాన్ని మా పెద్దమ్మంత నిష్ఠగా పాటించినవాళ్ళు లేరు.

పుష్కరాలు మర్నాటితో ముగుస్తాయనగా నూజివీడు వైపు నుంచి ఒకావిడ ఒంటరిగా పెద్దమ్మ ఇంట్లో దిగింది. పిల్లల్లేరు, భర్త పోయి ఎన్నాళ్ళో కాలేదు, ఆయన అస్థికలు పుష్కరాల్లోనే కలపాలని ఆవిడ ఆరాటం. అప్పగించడానికి బిందె లేదు. ఉన్నదల్లా అస్థికల ముంత, అదీ ఇంట్లోకి తేకూడదు గనక పెరట్లో జామచెట్టుకు కట్టుకుంది. ఆ సాయంత్రమే చెయ్యి తగిలి గదిలోని నిలువుటద్దం పగిలింది. బస్సు చార్జీ, పంతులుగారి దక్షిణ తప్ప ఆవిడ దగ్గరేమీ లేదు. మా పెద్దమ్మ పెరటి తలుపుకు తాళం వేసింది.

"అద్దం డబ్బులు తెచ్చి పట్టుకెళ్ళమ్మా, మీ ఆయన్ని నేనేం చేసుకుంటాను?" అని, ముంత ఉన్న చెట్టు దాకా వెళ్ళొచ్చినందుకు తలస్నానం కూడా చేసింది.

కాళ్ళు పట్టుకున్నా లాభం లేక ఆవిడ తెల్లవారుజామున ఊరికి బస్సెక్కి, ఎవరి దగ్గర చెయ్యి చాచిందో, డబ్బుతో తిరిగొచ్చేసరికి పుష్కరాలు ముగిసి ఒక రోజైంది. "కృష్ణ ఎక్కడికి పోయిందమ్మా, రోజూ పారుతూనే ఉంటుందిగా!" అంది పెద్దమ్మ, డబ్బు కొంగున ముడేసుకుంటూ. ఆవిడ ముంతను గుండెకు హత్తుకుని కాసేపు అరుగు మీద కూర్చుని, ఏటివైపు కాకుండా బస్‌స్టాండు వైపు నడిచింది. ఆ తర్వాత పెద్దమ్మ చేతి అన్నం నాకు సయించలేదు.

ఇప్పుడు కాగితాలూ కంపెనీలూ ఎక్కువైపోయాయని, ఆ రోజుల్లో మనుషుల మధ్య నమ్మకం ఉండేదని మా వయసువాళ్ళు నిట్టూరుస్తుంటారు. నిజమే, ఉండేది. భర్త అస్థికలను వదిలేసి ఏ ఆడదీ పారిపోదని మా పెద్దమ్మకు గట్టి నమ్మకం.