తలపాగాకి రెండో కొస

బస్సు కిక్కిరిస్తే తప్ప మొహకం సింగ్ పక్కన ఎవరూ కూర్చోరు. కెనడాలోని ప్రిన్స్ జార్జ్‌లో ఆయన దిగిన ఏటి నుంచీ అదే తంతు. తలపాగా చూసి కళ్ళు తిప్పుకుంటారు, పక్కన చోటున్నా కమ్మీ పట్టుకుని నిలబడతారు. ఆయన దాన్ని ఆ ఊరి మంచులాగే తీసుకున్నాడు. కురిసినన్నాళ్ళు కురుస్తుంది, మన కోటు మనం వేసుకోవాలి.

రోజూ పొద్దున ఆ బస్సులోనే, భార్య బసంత్ కౌర్‌ని చేర్చిన వృద్ధుల శరణాలయానికి వెళతాడు. ఆమెకి మతిమరుపు ముదిరింది. కొడుకు పేరు పోయింది, ఇల్లు పోయింది. చేతులకి మాత్రం తలపాగా గుర్తుంది.

తలపాగా గుడ్డ ఒక్కరి చేత సరిగ్గా మడతపడదు. ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు పట్టుకుని, సాగదీసి, మూలకి మూల కలిపి, మళ్ళీ లాగి మడవాలి. లాగుడు సమంగా లేకపోతే నుదుటి మీద పొరలు నిలవవు. పెళ్ళయిన దగ్గర్నుంచీ రెండో కొస బసంత్‌దే.

"గట్టిగా లాగవయ్యా, దుంగలు మోసే చేతులేనా అవి?" అని ఎగతాళి చేసేది.

తలపాగా తీసి ఇనప టోపీ పెట్టుకోకపోతే పని లేదని కలప మిల్లు మేస్త్రీ తేల్చేసిన రోజున, ఆయన ఇంటికొచ్చి తల వంచుకుని కూర్చున్నాడు.

"టోపీ కింద సంపాదన నాకొద్దు. రేపటి గుడ్డ తడిపాను, లేచి పట్టుకో" అంది. తర్వాత ఆయన రిటైరయ్యేదాకా ఒక బళ్ళో గదులు ఊడ్చాడు.

ఇప్పుడు ఆమె గదిలోనే తలపాగా విప్పి, నీళ్ళు చిలకరించి, కొస అందిస్తాడు. ఆమె పట్టుకుంటుంది. పట్టుకున్నంతకాలం తాను ఆమెకి పరాయివాడు కాలేదని ఆయన ధైర్యం.

ఆ రోజు గుమ్మంలోనే ఆయా జస్లీన్ ఎదురైంది. "బాబాజీ, జాగ్రత్త. పొద్దున నన్ను గిల్లింది."

"నన్ను పెళ్ళినాటి నుంచీ గిల్లుతోందిలే" అన్నాడు.

ఉల్లిపొర రంగు గుడ్డ ఇద్దరి మధ్యా బిగిసింది. మడత ఎప్పటిలాగే చక్కగా కుదిరింది. ఆయన చెయ్యి చాపాడు. బసంత్ గుడ్డని గుండెకి హత్తుకుంది.

"ఎవరు నువ్వు?"

"నేనే, బసంత్."

"ఇది మా సర్దార్జీది. పనికెళ్ళే వేళయింది, వచ్చేస్తారు."

"ఇలా ఇవ్వు, నేను అందిస్తాలే."

"మంచోడిలాగే ఉన్నావు భాయీ. కానీ ఆయన తలపాగా ఇంకొకరి చేతిలో పెడతానా? రానీ, నేనే ఇస్తా."

జస్లీన్ ఆయన్ని పక్కకి పిలిచింది. "నిద్రపోయాక తీసిస్తాను, కాసేపు కూర్చోండి."

"వద్దమ్మా. లేచి చూసుకుంటే వెతుక్కుంటుంది."

జుట్టు మీద మిగిలిన చిన్న గుడ్డని సరిచేసుకుని, పైన కోటు ముసుగు లాక్కుని, గడ్డం మీదుగా మఫ్లర్ చుట్టుకుని బయటికొచ్చాడు. మంచు పడుతోంది.

బస్సులో సగం సీట్లు ఖాళీ. తర్వాతి స్టాపులో ఒక తెల్ల ముసలమ్మ ఎక్కి, అటూ ఇటూ చూడకుండా వచ్చి ఆయన పక్కనే కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని, "ఈ ఏడు మంచు తెరిపివ్వడం లేదు, చూశారా?" అంది.

"అవునమ్మా" అని మొహకం సింగ్ కిటికీ వైపు తిరిగాడు.